ప్రాసెస్ మార్చాం, ఎనిమిది నెలల తర్వాత చూస్తే మళ్లీ లాంగ్ నోట్‌బుక్కే! ఎందుకిలా?

స్టోర్స్_పక్క_గది | ఆదివారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదవడమే కానీ రాసింది లేదు. ఇవాళ కొంచెం కడుపు మండి రాస్తున్నాను.

మాది జీడిమెట్లలో మందుల సీసాలు, మూతలు పోసే కంపెనీ. అందరం కలిపి 140 మంది దాకా ఉంటాం. పోయిన ఏడాది ఎండీ గారు ఒక కన్సల్టెన్సీని పిలిపించి ప్రాసెస్ ఇంప్రూవ్‌మెంట్ మొదలుపెట్టారు. సరుకు గేటు దగ్గరికి వచ్చినప్పటి నుంచి మెషీన్‌లో పడేదాకా మొత్తం మార్చాలని. హోటల్లో రెండు రోజుల ట్రైనింగ్, గోడ నిండా రంగురంగుల చీటీలు. మూడు రిజిస్టర్లు తీసేసి కొత్త ఈఆర్‌పీ (కొనుగోళ్లు, స్టాకు, లెక్కలన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టాం. స్టోర్స్ నేల మీద పసుపు టేపు వేశాం. ప్రాజెక్ట్ కోఆర్డినేటర్‌ని నేనే.

అంతకుముందు లోడు వచ్చాక జీఆర్‌ఎన్ (సరుకు అందిందని రాసే రసీదు) పడటానికి రెండు మూడు రోజులు పట్టేది. ఇప్పుడు 24 గంటల్లో పడాలని రూలు. డ్యాష్‌బోర్డులో 98 శాతం పచ్చగా ఉంటుంది. మూడో నెలలో గ్రూప్ ఫోటో, బిర్యానీ, నాకొక సర్టిఫికెట్.

నిన్న స్టాప్లర్ కోసం స్టోర్ కీపర్ డ్రాయర్ లాగాను. అడుగున లాంగ్ నోట్‌బుక్ కనపడింది. ఎనిమిది నెలల కింద మేం మూయించిందే, అట్ట మీద పాత ఇంకు మరక కూడా అలాగే ఉంది. తిప్పి చూస్తే నిన్న మధ్యాహ్నం వరకూ ఎంట్రీలు. ఒక్క రోజు కూడా ఆపలేదు.

ఒక గ్రేడ్ దానా పట్టుకుని చూశాను (ప్లాస్టిక్ గుళికల్ని మేం దానా అంటాం, 25 కిలోల బస్తాల్లో వస్తుంది). సిస్టమ్‌లో 46 బస్తాలు. నోట్‌బుక్‌లో 31. ర్యాక్ దగ్గరికెళ్లి నేనే స్వయంగా లెక్కపెట్టాను. 31.

ఎండీ గారికి చెబితే ఆయన మాట ఒకటే: "మనవాళ్లకి మార్పు ఇష్టం ఉండదయ్యా." నిజంగా అంతేనా? మీ దగ్గర ఇలాంటివి ఎలా పోయాయో చెప్పండి.

గోదారి_గట్టు | ఆదివారం, రాత్రి 10:58

ముందు ఆ స్టోర్ కీపర్ గారికి ఒక దండం పెట్టండి. లెక్క కలిసింది ఆయన దగ్గరే కదా.

సలహా_రుసుము | ఆదివారం, రాత్రి 11:20

నేను ఈ రంగంలోనే ఉన్నాను, 14 ఏళ్లుగా ఇదే పని. ఇందులో వింతేమీ లేదండీ. మార్పు ప్రాజెక్టుల్లో 70 శాతం ఫెయిల్ అవుతాయి. ప్రధాన కారణం పైనుంచి పట్టు లేకపోవడం. మొదటి మూడు నెలలు ఎండీ ప్రతి రివ్యూకీ వస్తారు. ఆ తర్వాత జనరల్ మేనేజర్ వస్తారు. ఆ తర్వాత మీటింగ్ రూమ్‌లో కోఆర్డినేటర్, ప్రొజెక్టరు మిగులుతారు. మీ దగ్గరా ఇదే జరిగి ఉంటుంది. రెండో కారణం, కింది స్థాయిలో అలవాటు. పాత రిజిస్టర్లు చేతికి అందకుండా చేయాల్సింది.

లెక్కల_పిచ్చి | ఆదివారం, రాత్రి 11:47

ఆ 70 శాతం ఎక్కడిదండీ? దాని వెనక్కి తవ్వుకుంటూ పోతే 1993లో రీఇంజనీరింగ్ (కంపెనీ పనుల్ని మొదట్నుంచీ కొత్తగా అల్లడం) మీద పుస్తకం రాసిన మైకేల్ హ్యామర్, జేమ్స్ చాంపీల దగ్గర తేలుతుంది. 50 నుంచి 70 శాతం కంపెనీలు అనుకున్నంత ఫలితం సాధించలేదని వాళ్లు రాశారు, అదీ ఇది శాస్త్రీయమైన లెక్క కాదని వాళ్లే చెప్పుకుంటూ. తర్వాతివాళ్లు 50ని వదిలేశారు, శాస్త్రీయం కాదన్న మాటనూ వదిలేశారు, 70 ఒక్కటే పట్టుకున్నారు. 2011లో మార్క్ హ్యూస్ అనే ఆయన ఇలా తిరుగుతున్న 70 శాతాలన్నీ తీసి చూస్తే వేటి వెనకా సరైన ఆధారం లేదు.

ఫెయిల్ కావని నేను అనట్లేదు. "70 శాతం పోతాయి, మీదీ పోయింది" అంటే ఎందుకు పోయిందో ఎవరూ వెతకరు. అదీ నా బాధ.

సలహా_రుసుము | ఆదివారం, రాత్రి 11:55

సరే, అంకె వెనక్కి తీసుకుంటున్నాను. స్లైడ్లో పెట్టి పెట్టి అలవాటైపోయింది.

మాజీ_ఫోర్‌మన్ | సోమవారం, ఉదయం 6:10

బాబూ, నేను బాలానగర్‌లో 31 ఏళ్లు చేసి రిటైరయ్యాను. మీరు కొత్తగా చెబుతున్నవి మాకు పాతవే. మన దగ్గర క్వాలిటీ సర్కిళ్లు (పనివాళ్లే చిన్న గుంపులుగా కూర్చుని పనిలో లోపాలు సరిచేసుకునేవి) 1980లోనే రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లో మొదలయ్యాయి. అక్కడి ఉడుప గారు ఆ పని తలకెత్తుకున్నారు. 1982లో దానికొక ఫోరం పెడితే ఆఫీసు సికింద్రాబాద్‌లో. అది చూసి చుట్టుపక్కల కంపెనీలన్నీ సర్కిళ్లు పెట్టాయి. మా కంపెనీ కూడా.

మా షాపులో ఒక హెల్పర్ ఉండేవాడు. చదువు తక్కువ, చెయ్యి బంగారం. ప్రెస్సు దగ్గర పీసు ఎత్తి పక్కన పెట్టడానికి ఇంకో మనిషి ఉండేవాడు. ఈ హెల్పరు పాత సైకిల్ ట్యూబు, ఒక రేకు ముక్క పెట్టి పీసు దానంతటదే జారి డబ్బాలో పడేలా చేశాడు. సలహా పెట్టెలో చీటీ వేయించాడు, రాసింది నేనే. పైవాళ్లు మెచ్చుకుని ఒక స్టీలు టిఫిన్ క్యారేజీ ఇచ్చారు. నెల తిరిగేసరికి ఆ ప్రెస్సు దగ్గర ఒక మనిషి ఎక్కువని తేలింది. పీసులెత్తే వాడు పర్మినెంటు. ఈ హెల్పరు క్యాజువల్. ఎవర్ని తీసేశారో మీకు చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత ఆ పెట్టెలో వక్కపొడి కాగితాలు తప్ప ఏమీ పడలేదు. పైవాళ్లు మాత్రం "వర్కర్లు ముందుకు రావట్లేదు" అని మినిట్స్‌లో రాసుకునేవాళ్లు.

మనిషికి మార్పంటే భయం ఉండదు బాబూ. ఫోను మార్చలేదా, గ్యాసు పొయ్యి కొనలేదా? లాభం ఒకడిది, చాకిరీ ఇంకొకడిది అయినప్పుడే మొండికేస్తాడు.

గోదారి_గట్టు | సోమవారం, ఉదయం 7:02

పెద్దాయనా, ఆ టిఫిన్ క్యారేజీ మాట చదివాక కాఫీ గొంతు దిగలేదు.

డెబిట్_క్రెడిట్ | సోమవారం, ఉదయం 9:35

నేను అకౌంట్స్ మనిషిని. ప్రశ్న వేసిన తమ్ముడి సమస్య నాకు వేరేగా కనపడుతోంది. పీవో (కొనుగోలు ఆర్డరు), జీఆర్‌ఎన్, బిల్లు, ఈ మూడూ కలిస్తేనే నేను పేమెంట్ వేస్తాను. మీ గొడవంతా ఈ మూడూ కలవకపోవడంలోనే ఉందేమో.

ఈ కథకి మూలపురుషుడు ఫోర్డ్. 1980ల మొదట్లో అమెరికాలో వాళ్ల పేమెంట్ల విభాగంలో 500 మందికి పైగా ఉండేవాళ్లు. కంప్యూటర్లు పెట్టి 400కి తగ్గిద్దామనుకున్నారు. అప్పటికే మాజ్దాలో వాళ్లకు వాటా ఉంది. అక్కడికి వెళ్లి చూస్తే అదే పనికి ఐదుగురు! మాజ్దా చిన్న కంపెనీయే, ఆ తేడా తీసేసినా లెక్క ఎక్కడా పొంతన లేదు. ఫోర్డ్ క్లర్కుల టైమంతా కలవని కాగితాల్ని కలపడానికే పోతోంది. అప్పుడు పద్ధతే మార్చేశారు. సరుకు దిగే చోటే కంప్యూటర్ పెట్టి, ఆర్డర్‌తో కలిస్తే దించుకోవడం, కలవకపోతే వెనక్కి పంపడం. బిల్లు కోసం చూడాల్సిన పనే లేదు. ఆ విభాగంలో మనుషులు 75 శాతం తగ్గారు. హ్యామర్ 1990లో రాసిన వ్యాసంలో ఇదే పెద్ద ఉదాహరణ.

అందరూ ఆ 75 శాతమే చూస్తారు. నేను చూసేది "వెనక్కి పంపడం" అన్న రెండు మాటల్ని. మొత్తం పద్ధతి వాటి మీదే నిలబడింది. తమ్ముడూ, మీ స్టోర్ కీపర్ లారీని వెనక్కి పంపగలడా?

స్టోర్స్_పక్క_గది | సోమవారం, ఉదయం 9:51

అక్కా... లేదు. ఆయనకి ఆ ధైర్యం లేదు, నాకూ లేదు. సాయంత్రం ఆయనతో కూర్చుని మాట్లాడి రాస్తాను.

ఫైలు_కదలదు | సోమవారం, మధ్యాహ్నం 1:15

మాది సర్కారీ ఆఫీసు. ఈ-ఫైలు వచ్చింది, కాగితం వద్దన్నారు. మా పెద్దసారుకు స్క్రీన్ మీద చదవడం అలవాటు లేదు. అందుకని ఈ-ఫైలు ప్రింటు తీసి, పాత ట్యాగు కట్టి ఆయన టేబుల్ మీద పెడతాం. ఆయన పెన్సిల్‌తో రాస్తారు. దాన్ని మేం మళ్లీ టైపు చేసి ఆయన లాగిన్‌లోనే అప్రూవ్ కొడతాం. పాస్‌వర్డ్ మా అటెండర్‌కి కూడా తెలుసు. ముందు ఒక పనే ఉండేది, ఇప్పుడు రెండయ్యాయి.

ఉమ్మడి రాష్ట్రంలో 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో కంప్యూటర్లు పెట్టి, పని గంటలో అయిపోతుందన్నారు. కంప్యూటర్ పని నిజంగానే తొందరగా అయింది. కానీ ఆఫీసు బయట బల్ల వేసుకుని కూర్చునే దస్తావేజు లేఖరి ఎక్కడికైనా పోయాడా? లోపల ఎవర్ని ఎలా అడగాలో జనానికి తెలిసే దారి ఆయనొక్కడే. ఆ దారి ముట్టుకోకుండా మధ్యలో మెషీన్ పెట్టారు.

కందిపొడి_ఘాటు | సోమవారం, మధ్యాహ్నం 1:40

ప్రభుత్వం ఏది చేసినా ఇంతే, అసలు ఈ పార్టీ వచ్చాక...

నిర్వాహకులు | సోమవారం, మధ్యాహ్నం 2:05

రాజకీయాలకు వేరే విభాగం ఉంది. ఇక్కడ విషయం మీదే ఉండండి. పై పోస్టులో కొంత తీసేశాం.

ఫ్రీమాంట్_తెలుగోడు | సోమవారం, రాత్రి 8:30

ఇక్కడ కాలిఫోర్నియాలో మాకు పొద్దున. డెబిట్ క్రెడిట్ గారు "వెనక్కి పంపడం" అన్నప్పటి నుంచీ నాకు మా ఊరి ఫ్యాక్టరీ గుర్తొస్తోంది. ఇప్పుడది టెస్లాది, రోజూ దాని పక్కనుంచే ఆఫీసుకి వెళ్తాను. అంతకుముందు జనరల్ మోటార్స్‌ది. పని ఎగ్గొట్టడం, తాగొచ్చి లైను మీద నిలబడటం, యూనియన్ గొడవలు, అన్నిటికీ పేరు మోసిన ప్లాంటు. 1982లో మూసేశారు. 1984లో టొయోటాతో కలిసి నమ్మీ అనే పేరుతో మళ్లీ తెరిచారు. చిత్రమేమిటంటే మొదట తీసుకున్న వాళ్లలో ఎక్కువమంది పాత కార్మికులే. అదే యూనియన్. కొన్నాళ్లకే అక్కడి కార్లు నాణ్యతలో జపాన్ కార్లతో సమానంగా వచ్చాయి.

ఏం మారింది? చాలా మారాయి. అందరూ చెప్పేది మాత్రం తాడు గురించి. లైను పొడుగునా తాడు వేలాడుతుంటుంది. తప్పు కనపడితే ఎవరైనా లాగొచ్చు. లాగగానే టీమ్ లీడర్ పరుగెత్తుకొస్తాడు, "ఎవడు లాగాడు" అని కాకుండా "ఏమైంది" అని అడుగుతాడు. తేలకపోతే లైను ఆగుతుంది. అంతకుముందు అదే బిల్డింగులో లైను ఆపడం అంటే ఉద్యోగానికి నీళ్లు వదులుకోవడమే. ఇంజన్ తిరగేసి బిగించినా సరే, కారు ముందుకు పోవాల్సిందే.

తర్వాత జనరల్ మోటార్స్ (జీఎం) ఇదే పద్ధతిని వాన్ నైస్‌లోని తన ప్లాంటుకు తీసుకెళ్లింది. అక్కడా తాళ్లు కట్టారు. కానీ మేనేజర్లకు మార్కులు పడేది రోజుకి ఎన్ని కార్లు దిగాయన్నదాని మీదే. తాడు లాగితే తిట్లు. అలాంటిచోట ఎవడు లాగుతాడు? 1992లో ఆ ప్లాంటు మూతపడింది. పక్కనే పాతికేళ్లు పాఠం చెప్పే బడి పెట్టుకుని కూడా జీఎం 2009లో దివాలా తీసింది. నమ్మీ కూడా 2010లో మూతపడింది, అది వేరే కథ, జీఎం బయటికి వెళ్లిపోవడం వల్ల.

తాడు కొనుక్కోవడం ఎంతసేపన్నా. లాగినవాడి వెనక ఎవరు నిలబడతారన్నదే ప్రశ్న.

వార్డు_నంబర్_6 | సోమవారం, రాత్రి 9:12

నర్సుగా చేరి ఇప్పుడు ఒక ఆసుపత్రిలో క్వాలిటీ చూస్తున్నాను. తాడు మాట చదవగానే రాయాలనిపించింది.

ఆపరేషన్ థియేటర్‌లో చెక్‌లిస్ట్ ఉంటుంది కదా, 19 అంశాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చింది. ఎనిమిది నగరాల్లోని ఆసుపత్రుల్లో దాన్ని ప్రయత్నించి 2009లో ఫలితాలు ప్రకటించారు, మన ఢిల్లీ కూడా అందులో ఉంది. మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి తగ్గాయి. కాగితం ముక్కతో! ఆ తర్వాత కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రుల్లో తప్పనిసరి చేశారు. 2014లో ఫలితాలు వస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎందుకన్న దానిమీద ఇప్పటికీ వాదనలు నడుస్తూనే ఉన్నాయి. నాకు మాత్రం ఆశ్చర్యం లేదు.

నేను థియేటర్‌లో ఉన్న రోజుల్లో ఒకసారి, కోత పెట్టేముందు ఆగి పేషెంటు పేరు, ఏ పక్క అన్నది గట్టిగా చదవాలి. నేను చదవడం మొదలుపెట్టాను. సర్జన్ గారు అప్పటికే చెయ్యి చాచారు. "సిస్టర్, అది తర్వాత నింపుకోండి." తర్వాత నింపాను. 19కి 19 టిక్కులు. ఆ నెల మాకు నూరు శాతం వచ్చింది. ఆ రోజు తప్పేమీ జరగలేదు, దేవుడి దయ. కానీ ఆ తర్వాత ఎప్పుడూ నేను గట్టిగా చదవలేదు.

ఇప్పుడు నేనే ఆడిట్ చేస్తాను. నూరు శాతం కనపడితే ముందు అనుమానమే వస్తుంది. తమ్ముడూ, మీ 98 శాతం మీద నాకు అదే అనుమానం. గడియారం ఎక్కడ మొదలవుతుందో చూడండి. ఇంగ్లండ్‌లో ఎమర్జెన్సీకి వచ్చిన పేషెంట్‌ని నాలుగు గంటల్లో చూసి, చేర్చుకోవడమో పంపించడమో చేయాలని టార్గెట్ పెట్టారు. కొన్నిచోట్ల ఏం చేశారంటే పేషెంట్‌ని అంబులెన్స్‌లోనే బయట ఉంచారు. లోపల కాలు పెడితేనే కదా గడియారం మొదలయ్యేది!

స్టోర్స్_పక్క_గది | సోమవారం, రాత్రి 11:30

వార్డు అక్కా, మీ పోస్టు చదివి ఒళ్లు జలదరించింది. ఎందుకో చెబుతాను.

సాయంత్రం షిఫ్ట్ అయ్యాక స్టోర్ కీపర్ గారిని టీకి తీసుకెళ్లాను. మొదట భయపడ్డారు, నోట్‌బుక్ లాక్కుంటానేమోనని. మెల్లగా చెప్పడం మొదలుపెట్టారు. మేం కూర్చున్న టీ కొట్టు పక్కన రెండు లారీలు ఆగి ఉన్నాయి. ఒకటి మాదే. డ్రైవర్ కింద గోనె పరుచుకుని పడుకున్నాడు. "ఎప్పుడొచ్చింది?" అన్నాను. "పొద్దున పదకొండుకి సార్." "మరి గేట్ ఎంట్రీ?" "రేపు పొద్దున చేస్తాం. ఎంట్రీ పడితే 24 గంటలు లెక్క మొదలవుతుంది కద సార్." నా డ్యాష్‌బోర్డు పచ్చదనం అంతా ఆ టీ కొట్టు దగ్గర నిద్రపోతోంది.

నోట్‌బుక్ సంగతి. పీవో 200 బస్తాలకి ఉంటుంది, లారీలో 208 వస్తాయి. సప్లయర్ దగ్గర పాత బాకీ ఏదో ఉంటుంది, కలిపి పంపేస్తాడు. ఒక్క బస్తా తేడా ఉన్నా సిస్టమ్ జీఆర్‌ఎన్ తీసుకోదు. పీవో మార్చాలంటే బేగంపేట ఆఫీసులో పర్చేజ్ వాళ్లు మార్చాలి. శనివారం సాయంత్రం ఐదు దాటితే మళ్లీ సోమవారమే. ఈలోపు మెషీన్‌కి దానా కావాలి. మా మెషీన్ ఆగితే ఊరికే ఆగదు, వేడి బ్యారెల్‌లో సరుకు మాడుతుంది, మళ్లీ మొదలెట్టాలంటే అదంతా బయటికి కక్కించాలి. ఆపితే ప్రొడక్షన్ మేనేజర్ ఊరుకోడు. ఇస్తే సిస్టమ్ ఒప్పుకోదు. మధ్యలో ఈయన. సరుకు ఇచ్చేసి నోట్‌బుక్‌లో రాసుకుంటాడు. సోమవారం సిస్టమ్‌లో సర్దుతాడు, ఒక్కోసారి సర్దడం మరిచిపోతాడు. దాంతో సిస్టమ్ లెక్క తప్పుతుంది. తప్పుతుంది కాబట్టి ఎవరూ దాన్ని నమ్మరు. నమ్మరు కాబట్టి అందరూ ఆయన్నే అడుగుతారు, ఆయన ఇంకా జాగ్రత్తగా నోట్‌బుక్ రాస్తాడు.

నైట్ షిఫ్ట్‌లో లాగిన్ ఎవరికీ లేదు, చీటీల మీదే నడుస్తుంది. అది చిన్న విషయం, వదిలేయండి.

అసలుది ఇంకోటి ఉంది. ఆ 15 బస్తాల తేడా. నోట్‌బుక్ చివరి పేజీల్లో "చేబదులు" అని వేరే ఖాతా. ఎండీ గారి తమ్ముడికి బాలానగర్‌లో చిన్న యూనిట్ ఉంది. వాళ్లకి దానా అయిపోతే ఆటో పంపిస్తారు. పది బస్తాలు, పదిహేను బస్తాలు. తర్వాత తిరిగి ఇస్తారు, లేదా ఇవ్వరు. దీనికి సిస్టమ్‌లో గడి లేదు. ఎందుకు లేదంటే హోటల్లో గోడ మీద చీటీలు అంటించిన రోజు ఎవరూ చెప్పలేదు. ముందు వరసలో ఎండీ గారు కూర్చుని ఉన్నారు. ఆయన ముందు "మీ తమ్ముడు బస్తాలు పట్టుకెళ్తాడు" అని ఏ నోటితో చెబుతారు? పైగా స్టోర్ కీపర్‌ని ఆ ట్రైనింగ్‌కి పిలవనే లేదు. పిలవాల్సిన వాళ్ల లిస్టు తయారు చేసింది నేనే.

గోదారి_గట్టు | సోమవారం, రాత్రి 11:41

తమ్ముడి ఆటోకి ఈఆర్‌పీలో గడి! అయ్య బాబోయ్.

మాజీ_ఫోర్‌మన్ | మంగళవారం, ఉదయం 5:55

చివరి వాక్యం రాశావు చూడు బాబూ, నీకు ఈ పని వస్తుంది.

సలహా_రుసుము | మంగళవారం, ఉదయం 10:20

ఆదివారం నేను రాసిన దాంట్లో "పాత రిజిస్టర్లు చేతికి అందకుండా చేయాల్సింది" అన్నాను. అలా చేసి ఉంటే మీ ఫ్యాక్టరీ ఆ శనివారమే ఆగిపోయేది. ఒప్పుకుంటున్నాను.

మా వృత్తిలో తప్పు ఇక్కడే జరుగుతుంది. క్లయింటు మాకిచ్చేది ఆరు వారాలు. మేనేజర్లు చెప్పిన ప్రాసెస్ గీస్తాం. మేనేజర్లు చెప్పేది పని ఎలా జరగాలో. ఎలా జరుగుతోందో శనివారం రాత్రి ఎనిమిదికి వెళ్తే కనపడుతుంది. మా బిల్లులో శనివారం రాత్రులు ఉండవు. హ్యామర్ లాంటి వాడే 1996 నాటికి, తాను ఇంజనీరు బుద్ధితో ఆలోచించి మనుషుల సంగతి సరిగా పట్టించుకోలేదని ఒప్పుకున్నాడు.

కానీ ఒక్క మాట కన్సల్టెంట్ల తరఫున కూడా చెప్పనివ్వండి. కొన్నిసార్లు తప్పు కంపెనీ తొందరది. హెర్షీ చాక్లెట్ కంపెనీ 1999లో నాలుగేళ్ల పనిని రెండున్నరేళ్లకు కుదించి, మూడు పెద్ద సాఫ్ట్‌వేర్లు కలిపి జులైలో ఒకేసారి ఆన్ చేసింది. హాలోవీన్ సీజన్ ఆర్డర్లు మొదలయ్యేది అప్పుడే. గోదాముల్లో చాక్లెట్ ఉంది, బయటికి పంపలేకపోయారు. దాదాపు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు పోయాయి. మనకు దసరా ముందు రోజు బట్టల కొట్టు రీమోడలింగ్ పెట్టుకున్నట్టు.

ఇంకొన్నిసార్లు తప్పు మొండితనానిది. జర్మనీలో లిడిల్ అనే సూపర్‌మార్కెట్ల కంపెనీ. స్టాకుని కొన్న ధర మీద లెక్కేయడం వాళ్ల అలవాటు. తెచ్చుకున్న ఎస్‌ఏపీ సాఫ్ట్‌వేర్ అమ్మే ధర మీద లెక్కేస్తుంది. అలవాటు మార్చుకోం, సాఫ్ట్‌వేరే మార్చండి అన్నారు. ఏడేళ్లు మార్చారు, 50 కోట్ల యూరోల దాకా పోసినట్టు వార్తలొచ్చాయి. 2018లో మొత్తం ఆపేశారు. కింది మనిషి మాట వినకపోతే మీలా అవుతుంది. ఎవరి అలవాటూ ముట్టుకోకపోతే లిడిల్‌లా అవుతుంది. ఏది వినాలో ఏది మార్చాలో తేల్చడమే కష్టం, దానికి నా దగ్గరా ఫార్ములా లేదు.

లెక్కల_పిచ్చి | మంగళవారం, ఉదయం 10:44

ఈసారి అంకెలకి నేనేం అడ్డు చెప్పను. :)

డెబిట్_క్రెడిట్ | మంగళవారం, ఉదయం 11:30

పని మాట చెబుతాను తమ్ముడూ. పీవో మీద 5 శాతం వరకు ఎక్కువొచ్చినా దించుకునేలా సెట్టింగ్ పెట్టించండి. చాలా ఈఆర్‌పీల్లో ఉంటుంది, మీ వాళ్లు సున్నా పెట్టి ఉంటారు. అది దాటితే దించవద్దు. దించొద్దని చెప్పే హక్కు స్టోర్ కీపర్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి, కింద ఎండీ సంతకంతో. సప్లయర్‌కి కూడా కాపీ పంపండి. గడియారం లారీ గేటు ముందు ఆగినప్పుడు మొదలవ్వాలి, సెక్యూరిటీ గార్డు రాసే టైముతో. ఎండీ గారి తమ్ముడి యూనిట్‌కి ఇచ్చేది చేబదులు కాదు, అది అమ్మకమో, జాబ్ వర్కో, జీఎస్టీ ప్రకారం బిల్లో, చలానానో ఉండాలి. ఇది మాత్రం సరదా కాదు, ఆడిటర్ పట్టుకుంటే మీ మెడకే చుట్టుకుంటుంది.

ఫ్రీమాంట్_తెలుగోడు | మంగళవారం, రాత్రి 9:05

సంతకం సరే అక్కా. మొదటిసారి తాడు లాగినప్పుడు ఏం జరుగుతుందో షాపులో అందరూ చూస్తారు. దాని మీదే ఆధారపడి ఉంటుంది అంతా.

స్టోర్స్_పక్క_గది | గురువారం, రాత్రి 10:15

ఇవాళ ఎండీ గారితో మీటింగ్. స్లైడ్లు తీసుకెళ్లలేదు, స్టోర్ కీపర్ గారిని అడిగి నోట్‌బుక్ తీసుకెళ్లాను. టీ కొట్టు దగ్గర లారీ ఫోటో కూడా.

ఫోటో చూసి నవ్వారు. నోట్‌బుక్ అందుకుని మొదటి పేజీలు తిప్పారు. చివరి పేజీలకు వచ్చేసరికి నవ్వు ఆగింది. చాలాసేపు చూశారు. వేలితో లెక్కపెట్టుకుంటూ వెళ్లి, తలెత్తి ఒకటే అడిగారు: "వాడు ఇంకా 40 బస్తాలు ఇవ్వాలా?"

నేను ఏమీ మాట్లాడలేదు. 5 శాతం సెట్టింగ్‌కి ఒప్పుకున్నారు. స్టోర్ కీపర్‌కి రాతపూర్వక అధికారం మీద కాసేపు నసిగి సంతకం పెట్టారు. గడియారం విషయం ఒప్పుకున్నారు, కానీ "ఈ నెల రిపోర్టు అయ్యాక" అన్నారు. తమ్ముడి సంగతి "నేను చూసుకుంటా" అన్నారు.

శనివారం సాయంత్రం లోడు ఉంది.

గోదారి_గట్టు | గురువారం, రాత్రి 10:22

శనివారం రాయకపోతే ఊరుకోం.

స్టోర్స్_పక్క_గది | శనివారం, రాత్రి 9:48

200కి 216 వచ్చాయి. 210 దాకా దించుకోవచ్చు. మిగిలిన ఆరూ దించనని స్టోర్ కీపర్ గారు అన్నారు, గొంతు కొంచెం వణికింది. డ్రైవర్ సప్లయర్‌కి ఫోన్ చేశాడు, సప్లయర్ ఎండీ గారికి చేశాడు, ఎండీ గారు నాకు చేశారు. "ఆరు బస్తాలకి గొడవెందుకయ్యా?" అన్నారు. నేను "సంతకం మీదే సార్" అన్నాను. అవతల కాసేపు నిశ్శబ్దం. "సరే, మీ ఇష్టం" అని పెట్టేశారు. గొంతులో సంతోషం మాత్రం లేదు.

ఆరు బస్తాలూ అదే లారీలో వెనక్కి పోయాయి. హమాలీలు పని ఆపి మరీ చూశారు. జీఆర్‌ఎన్ 8:20కి పడింది. తిరిగొచ్చి చూస్తే స్టోర్ కీపర్ గారు డ్రాయర్ లాగి నోట్‌బుక్‌లో ఏదో రాస్తున్నారు. ఇంకా ఎందుకండీ అన్నాను.

"ఎండీ సార్ సోమవారం ఏమంటారో తెలియదు కద సార్. తేదీ, టైము ఉంటే మంచిది."